ఇక్కడ అందరూ డాక్టర్లే

ఆ రోజు సైకియాట్రీ రివిజన్ చేస్తున్నాను. మెడికల్ పీజీ ఎంట్రన్స్‌కి ఇంకా కొన్ని నెలలుంది. నల్లగొండలో గడియారం సెంటర్ వెనక ఒక డాబా మీది గదిలో నేనూ, నాతో ఎంబీబీఎస్ చదివిన షాహీనూ కిరాయికి ఉండేవాళ్లం. పానిక్ డిసార్డర్ ప్రశ్నలు చేస్తుండగా పొట్టలోంచి ఏదో పైకి లేచి గొంతు దాకా వచ్చింది. వెంటనే భయం. దేనికో తెలియదు. రబ్బరు కాలిన వాసన. ఆ ఫ్యాను, ఆ కిటికీ, షాహీన్ చేతిలోని చాయ్ గ్లాసు, అంతా ఇదివరకే ఒకసారి జరిగినట్టు అనిపించింది. ఆ తర్వాత కొంచెం సేపు ఏమైందో నాకు గుర్తులేదు. తేరుకునేసరికి షాహీన్ నా భుజం పట్టుకుని ఊపుతోంది.

"ఏమైందే రేణుకా? గన్నిసార్లు పిలిస్తె పలుకవేంది?"

"ఏం లేదు, తల తిరిగినట్టయింది."

"తల తిరుగుడు గాదు. నోరు చప్పరిస్తున్నవ్, చున్నీ పీకుతున్నవ్. నా దిక్కే చూస్తున్నవ్ గానీ నేను కనవడ్తలేను నీకు."

వైద్యం చదివిన వాళ్లెవరైనా ఈ మాట వింటే ఒక జబ్బు గుర్తుకు రావాలి. టెంపోరల్ లోబ్ సీజర్. అంటే ఒళ్లు కొట్టుకోకుండా వచ్చే ఫిట్స్. న్యూరాలజీ రివిజన్‌లో మేమిద్దరం ఎన్నోసార్లు చదివిందే. అదే వారంలో ఇంకో రెండుసార్లు వచ్చేసరికి, పుస్తకం మూసి డాక్టర్ దగ్గరికి వెళ్లాం. నాగార్జునసాగర్ డ్యాం దగ్గరి నందికొండ క్వార్టర్స్ నుంచి అమ్మ కూడా వచ్చింది. బాపు అక్కడ కాలువల డిపార్ట్‌మెంట్‌లో పని చేస్తాడు, ఆయనకు సెలవు దొరకలేదు.

ఆ డాక్టర్ మాకు ఒకప్పుడు పాఠాలు చెప్పిన సీనియర్ ఫిజీషియన్. షాహీన్ తాను చూసింది చెప్పబోయింది. "నువ్వు బయట కూర్చోమ్మా, పేషెంట్‌ని మాట్లాడనీ" అన్నారు. తనకేం జరిగిందో తెలియని పేషెంట్ ఏం మాట్లాడుతుంది? నాకు గుర్తున్న భయం గురించి మాత్రమే చెప్పాను.

"ఇప్పుడు ఏం చదువుతున్నావు?" అని అడిగారు.

"న్యూరాలజీ, సైకియాట్రీ సార్."

ఆయన కుర్చీలో వెనక్కి వాలి నవ్వారు. "వచ్చే వారం కార్డియాలజీ మొదలుపెట్టు, గుండెపోటు కూడా వస్తుంది. థర్డ్ ఇయర్‌లో చదివి చదివి నాకూ బ్రెయిన్ ట్యూమర్ వచ్చిందమ్మా!"

ఒక్క మంచి ప్రశ్న మాత్రం అడిగారు, కాదనను. అమ్మ వైపు తిరిగి, "చిన్నప్పుడు ఫిట్స్ ఏమన్నా వచ్చాయా?" అన్నారు.

"ఏం లేవు సారూ. సక్కగుండె" అంది అమ్మ.

మెదడులోని కరెంటు అలలు చూసే ఈఈజీ తీశారు. నార్మల్. ఎంఆర్ఐ అక్కర్లేదన్నారు. అటాక్ లేని టైంలో తీసిన ఈఈజీ నార్మల్‌గా ఉన్నంత మాత్రాన ఎపిలెప్సీ లేదని కాదు. ఆ ప్రశ్న వస్తే నేనెప్పుడూ తప్పు పెట్టలేదు. ఆయనతో అదే అన్నాను. "పుస్తకాలు చదివొచ్చి డాక్టర్‌కి చెప్తావా?" అన్నారు. మరి డాక్టర్లు ఏం చదివి డాక్టర్లవుతారో!

పానిక్ అటాక్స్, ఎగ్జామ్ స్ట్రెస్ అని రాశారు. ఆందోళన తగ్గడానికి ఎస్సిటాలోప్రామ్, దాంతోపాటు రోజూ మత్తునిచ్చే క్లోనజెపామ్ ఇచ్చారు. అటాక్స్ తగ్గిపోయాయి. తగ్గవా మరి? క్లోనజెపామ్ ఫిట్స్‌కి కూడా మందే. కానీ ఆయన దృష్టిలో అది తన డయాగ్నోసిస్‌కి రుజువు. "తగ్గింది కదా, అంటే భయమే" అన్నారు. అమ్మ ఆయనకు దండం పెట్టింది. నేను కూడా నమ్మాలనుకున్నాను. బాపు ఈ ఒక్కసారికి చూద్దాం, సీటు రాకపోతే ఏదైనా ఉద్యోగంలో చేరిపో బిడ్డా అన్నాడు. అంతకుముందే ఒకసారి పరీక్ష తప్పాను కాబట్టి ఆ మాట కాదనలేకపోయాను. ఆ టైంలో ఫిట్స్ కంటే భయమే నయం అనిపించింది.

ఆ మత్తుకు చదువు సాగక, పరీక్ష దగ్గరపడ్డాక సార్‌కి ఫోన్ చేశాను.

"క్లోనజెపామ్ ఆపేయమ్మా, ఫ్రెష్‌గా ఉంటావు."

"మెల్లగా తగ్గించాలి కదా సార్?"

"చిన్న డోసే కదా, ఏం కాదు. నువ్వు మళ్లీ పుస్తకాల పాఠం మొదలుపెట్టకు."

ఒక్కసారే ఆపేశాను, అలా ఆపితే అణిగి ఉన్న ఫిట్స్ తిరగబడతాయని చదివి కూడా. పరీక్ష హైదరాబాద్‌లో, ఒక కంప్యూటర్ సెంటర్‌లో. షాహీన్‌కీ నాకూ ఒకే హాలు పడింది, కుర్చీలు మాత్రం దూరం. మొదటి గంట బాగానే రాశాను. తర్వాత రబ్బరు వాసన వచ్చింది. అంతే. ఇక్కడి నుంచి షాహీన్ చెప్పిందే నేను రాస్తున్నాను.

కుర్చీతో సహా కింద పడ్డానట. ఒళ్లంతా కొట్టుకుంటోంది, నోట్లోంచి నెత్తురు. ఆ హాలు నిండా ఎంబీబీఎస్ పాసైన వాళ్లే ఉన్నారు. తలలు తిప్పి చూశారు. స్క్రీన్ మీద టైం పోతోంది. మళ్లీ తలలు తిప్పుకున్నారు. గేటు దగ్గర కూర్చునే అన్న ఒక్కడే పరుగెత్తుకొచ్చి, సెంటర్ తాళాల గుత్తి నా చేతిలో పెట్టి గుప్పిట మూశాడు. ఇనుము పట్టిస్తే ఫిట్స్ ఆగుతాయని మా దగ్గర నమ్మకం. పాపం ఆయనకు తెలిసింది ఆయన చేశాడు, తెలిసిన వాళ్లు చేయలేదు.

షాహీన్ లేచింది. ఇన్విజిలేటర్ అడ్డం వచ్చాడు.

"నేను డాక్టర్‌ను, జర పోనియ్యుండ్రి సార్."

"ఇక్కడ అందరూ డాక్టర్లేనమ్మా, కూర్చో. నీ టైం పోతది."

"అందరు డాక్టర్లయితే ఒక్కలన్న లేస్తలేరేంది?" అని అరిచి, ఆయన్ని నెట్టుకుని వచ్చింది. నన్ను పక్కకు తిప్పి పడుకోబెట్టింది, నోట్లో ఏమీ పెట్టనివ్వలేదు. అంబులెన్స్‌లో నాతోనే ఎక్కింది. బయటికి వెళ్తే మళ్లీ లోపలికి రానిచ్చేది లేదని చెప్పారు. అయినా ఎక్కింది. ఆ రోజు నా పరీక్షతో పాటు తన పరీక్ష కూడా పోయింది.

అక్కడి పెద్ద దవాఖానలో న్యూరాలజిస్ట్ ఒక మేడం. లోపలికి వస్తూనే, "అటాక్ చూసింది ఎవరు? వాళ్లు ముందు చెప్పాలి" అన్నారు. ఇంతకాలం ఎవరూ వినని మాటలన్నీ షాహీన్ చెప్పింది. మేడం మధ్యలో ఆపకుండా విన్నారు. తర్వాత, కబురు విని నందికొండ నుంచి వచ్చిన అమ్మను నా గురించి అడిగారు, సార్ అడిగిన ప్రశ్నే. ఈసారి అమ్మ దాచలేదు.

"ఏడాది పిల్లప్పుడు జెరమొచ్చి కొట్టుకున్నది మేడం. శానసేపు. సాగర్ దవాఖానకు ఎత్తుకొని ఉరికినం. ఫిట్స్ అని బయటవడితె ఆడపిల్లను ఎవలు చేసుకుంటరు? గందుకే ఎవ్వలకు చెప్పలే."

నాకు ఒళ్లు మండిపోయింది. మంచం మీద నుంచే అరిచాను. "నాకు గూడ చెప్పవా అమ్మా? నేను డాక్టర్‌ను!"

"డాక్టర్‌వైతే ఆడపిల్లవు గావా?" అంది అమ్మ. ఏడుస్తూనే అంది.

ఎంఆర్ఐలో కుడివైపు హిపోకాంపస్ అనే మెదడు భాగం చిక్కిపోయి మచ్చ కనిపించింది. చిన్నప్పటి ఆ పొడుగాటి ఫిట్ వల్ల కావచ్చన్నారు మేడం. ఈ మాట కూడా పుస్తకంలో ఉన్నదే. కార్బమజెపైన్ అనే ఫిట్స్ మందు మొదలుపెడితే రెండో వారంలో ఒళ్లంతా దద్దుర్లు. అది ఆపి లెవెటిరాసెటామ్ ఇచ్చారు. "దీంతో చిరాకు, కోపం ఎక్కువవుతాయమ్మా" అన్నారు.

"అవి నాకు ముందే ఉన్నాయి మేడం" అన్నాను. ఆమె నవ్వారు గానీ నిజంగా ఎక్కువయ్యాయి. ఒకరోజు చారులో ఉప్పు లేదని గిన్నె గోడకేసి కొట్టాను. నా మీద ఎన్నడూ గొంతెత్తని బాపు గుడ్డ తెచ్చి గోడ తుడిచాడు. అది చూసి సిగ్గుతో చచ్చాను. మందు మార్చి లామోట్రిజిన్ మెల్లగా పెంచుకుంటూ పోయారు. మధ్యలో వైరల్ ఫీవర్ వచ్చి మళ్లీ ఒక అటాక్. ఆ తర్వాత ఇప్పటిదాకా లేదు. అల్లా కా షుక్ర్ అంటుంది షాహీన్. నేనైతే నిద్రకూ మందుకూ థాంక్స్ చెప్తాను.

మరుసటి ఏడాది ఇద్దరం పరీక్ష రాశాం. నాకు సైకియాట్రీలో సీటొచ్చింది. షాహీన్‌కి రాలేదు. ఇప్పుడు తను అలంపూర్ దిక్కు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మెడికల్ ఆఫీసర్. నా వల్లే కదా అని ఒకసారి అడిగాను. "నీ వల్ల గాదు, ఫార్మకాలజీ వల్ల. చుప్ ఉండు" అంది. నేను నమ్మలేదు. నా కోసం పోగొట్టుకున్న ఆ ఏడాది తనకు ఎవరు తిరిగిస్తారు?

క్వార్టర్స్‌లో అమ్మ ఇప్పటికీ నావి థైరాయిడ్ గోలీలనే చెప్తుంది. ఎవరైనా ముఖాముఖి అడిగితే నేను ఫిట్స్ గోలీలని చెప్తాను, ఆ పూట అమ్మ నాతో మాట్లాడదు. ఈమధ్య ఒక మెడికల్ మీటింగ్‌లో ఆ సార్ కనబడ్డారు. పక్కనున్న వాళ్లకు నన్ను చూపించి, "ఈ అమ్మాయి మా స్టూడెంటే. ఇంటరెస్టింగ్ కేసు. మొదట చూసింది నేనే" అన్నారు. చేతిలో ఉన్న కాఫీ ఆయన మీద పోయలేదంటే, అది లామోట్రిజిన్ గొప్పతనం.

చదివేవాళ్లకు ఒక్కటే చెప్తాను. మూర్ఛలో ఉన్నవాళ్లకు తమకేమైందో తెలియదు. కాబట్టి ఆ టైంలో పక్కనుండి చూసిన మనిషిని, అమ్మ అయినా, రూమ్మేట్ అయినా, దుకాణంలో పనిచేసే అన్న అయినా, డాక్టర్ గదిలోకి తీసుకెళ్లండి. ముందు వాళ్లనే మాట్లాడనివ్వండి. వాళ్లను బయట కూర్చోమని డాక్టర్ అంటే, మీరు కూడా లేచి బయటికి వచ్చేయండి. ఇంకో డాక్టర్‌ని వెతుక్కోండి.