మాటలో 'ల' లేని మనిషి

ఓ ఏడు మా కొరియా దానో పండగనాడు పోలీసు సార్జెంటు బల్లకట్టు రేవులో నామ్ గ్యుహో చొక్కా పట్టుకున్నాడు. నేను పక్కనే మాచిపత్రి కలిపిన బియ్యపు రొట్టెలు అమ్ముతున్నాను.

"ఏం తాతా, ఏటికేసి ఏమని అరుస్తున్నావు?"

"గువొన్!"

గువొన్ అంటే మా భాషలో 'రక్షణ'. గ్యుహో పిలవబోయింది గుల్వొన్‌ని. ఆయన పాతకాలపు చైనా మంత్రి. నిజం చెప్పినందుకు రాజు వెళ్ళగొడితే ఏట్లో దూకాడు. దానోనాడు ఆయన పేరున ఏట్లో రొట్టె వెయ్యడం మా రేవులో అలవాటు. ఒకప్పుడు మా కొరియా రాజులు దూరంగా తోలేసిన మంత్రులంతా పద్యాల్లో ఆయన్నే తలుచుకున్నారట. సొంత రాజును తిడితే మెడ పోతుంది, చైనా రాజును తిడితే ఎవరడుగుతారు? నాకు చదువు అంతంతమాత్రం, అయినా ఆ కిటుకు అర్థమైంది.

"రక్షించమనడానికి ఇక్కడెవరికి ఆపదొచ్చింది? ప్రభుత్వం మీద నిందా?"

"మధ్యలో ఒక 'ల' ఉండాలి బాబూ. నా ముందు పళ్ళతోపాటు మీ స్టేషన్లోనే రాలింది. వెతికి తెచ్చిపెట్టు, సరిగ్గా పలుకుతా."

రేవంతా పకపకా నవ్వింది.

"గుల్వొనా? చైనావాడా? కమ్యూనిస్టా?"

"రెండువేల ఏళ్ళ కిందట మునిగాడు. వల తెచ్చి పట్టుకో. మంత్రి మాట వినని రాజు కథ అది. దేశాన్నేలే మన జనరల్ గారు అందరి మాటా వింటారుగా, నీకెందుకు ఉలుకు?"

వినరని సార్జెంటు ఎలా అంటాడు? చొక్కా వదిలేశాడు.

గ్యుహో ఒకప్పుడు కచేరీలో గుమాస్తా. ఓట్ల లెక్క మార్చనన్నాడు. ఉద్యోగం పోయింది, పళ్ళూ పోయాయి. ఆ తర్వాత బల్లకట్టు తాడు లాగి బతికాడు.

"తల వంచితే పింఛనొచ్చేదిగా" అన్నానొకసారి.

"తల వంచితే ఏట్లో నా మొహమే కనబడుతుంది, పిల్‌సు వాళ్ళమ్మా. దానికేం చెప్పను?"

ఈ వసంతంలో ఆయన దగ్గుతో మంచాన పడ్డాడు. దానోనాడు ఏట్లో రొట్టె వేసినా, పేరు పిలిచినా లోపలేస్తామని స్టేషన్ నుంచి హుకుం వచ్చింది. గ్యుహో కబురంపితే వెళ్ళాను.

"ఈసారి రొట్టె నువ్వెయ్యి. పేరు నువ్వు పిలువు."

"వేస్తాను. నా రొట్టెకు అడ్డమొచ్చేవాడెవడు? నాకు పళ్ళన్నీ ఉన్నాయి, 'ల' గంటలా పలుకుతుంది."

గ్యుహో నా చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దు. ఆ 'ల' వదిలెయ్. గువొన్ అనే కేక పెట్టు. స్టేషన్ దాకా వినబడేట్టు పెట్టు."