పెద్ద యుద్ధం, చిన్న పుస్తకం

కంట్లో శుక్లం తీయించుకున్నాక, రెండోసారి చూపించుకోవడానికి ఏలూరు వెళ్ళిన రోజున ఆ పుస్తకం కొన్నాను. కొత్త కళ్ళజోడు పెట్టుకున్నానేమో, కనబడిందల్లా చదవాలనిపిస్తోంది. షాపుల బోర్డులన్నీ కూడబలుక్కుంటూ బస్టాండు వైపు నడుస్తుంటే, రోడ్డు పక్కన పాత పుస్తకాలు పరుచుకుని ఒకాయన కూర్చుని ఉన్నాడు.

"యుద్ధం పుస్తకం ఉందా అండీ?"

"ఏ యుద్ధం మామ్మగారూ? కురుక్షేత్రమా?"

"కాదండీ. రంగం మీద బాంబులు పడ్డాయి చూడండి, అది."

రంగూన్‌ని మా పెద్దవాళ్ళు రంగం అనేవారు. ఆయనకీ తెలుసు. ఇటుకల్లాంటి పుస్తకాలు రెండు తీసి నా ముందు పెట్టాడు. ఒకటి ఎత్తి చూసి దించేశాను.

"ఇది అయ్యేలోగా నేనైపోతానండీ. సన్నది లేదా?"

"అంత పెద్ద యుద్ధం సన్న పుస్తకంలో ఎలా పడుతుందండీ?" అంటూనే కట్ట అడుగు నుంచి ఒకటి లాగాడు. పాటల పుస్తకమంత ఉంది. ప్రపంచంలో దేశాలన్నీ అందులోనే కొట్టుకున్నాయట.

నాకు ఆ యుద్ధంతో పనేమిటో చెప్పాలి. మా నాన్న, ఆయన తమ్ముడు కలిసి రంగం వెళ్ళి బియ్యం మిల్లులో బస్తాలు మోసేవారు. బాంబులు పడ్డాక ఇద్దరూ నడిచి బయలుదేరారు. ఇంటికి వచ్చింది మా నాన్న ఒక్కడే. తమ్ముణ్ణి వదిలేసి తన ప్రాణం దక్కించుకున్నాడని మా పిన్ని చివరిదాకా అంది. ఆమె కూతురు, మా అక్క, కలిదిండిలో ఉంటుంది. వాళ్ళ నాన్న వెళ్ళేనాటికి చంటిపిల్ల. ఇప్పుడు ఎనభై దాటింది. నా పెళ్ళికి రాలేదు, నా భర్త పోతే రాలేదు. దారిలో ఏం జరిగిందో మా నాన్న పోయేముందు నాకొక్కదానికే చెప్పాడు. అది అక్కకి చెప్పాలి. ఎలా చెప్పాలో తెలియక ఇన్నేళ్ళు గడిపేశాను.

నేను చదివింది బైబిలు ఒక్కటే. అదీ వినీ వినీ నోటికొచ్చిన వాక్యం మీద వేలు పెట్టి అక్షరాలు గుర్తుపట్టడమే. అందుకని ఈ పుస్తకం తెరవగానే నాకు దారి తెలియలేదు. ప్రతి వాక్యం పక్కనా పెన్సిల్‌తో అంకె వేసుకున్నాను. ఈ రోజు రెండో అధ్యాయం ఏడో వచనం దాకా వచ్చాను అనుకుంటే రేపు మొదలుపెట్టడం తేలిక. తాడేపల్లిగూడెంలో నేను పనిచేసే బియ్యం మిల్లులో, ధాన్యం ఎండబెట్టే కళ్ళం ఊడ్చి వచ్చాక, రోజుకి పది వచనాలు.

ఇంకో పిచ్చిపని కూడా చేశాను. ఇందులో ఇశ్రాయేలీయులెవరు, ఫిలిష్తీయులెవరు అని చూసుకున్నాను. ఎవరో ఒకరు దేవుడి వైపు ఉండాలి కదా. మా గుడి కట్టింది దొరలే కాబట్టి ఇంగ్లీషువాళ్ళ పేరు దగ్గర సిలువ గుర్తు పెట్టాను. నాలుగో అధ్యాయంలో రంగం నుంచి ఓడల్లో ముందు తెల్లవాళ్ళకే చోటు దొరికిందని ఉంది. ఆ గుర్తు చెరిపేశాను. అమెరికావాళ్ళకి పెట్టాను. ఆఖర్న రెండు ఊళ్ళ మీద వాళ్ళు వేసిన బాంబుల సంగతి చదివి అదీ చెరిపేశాను. పుస్తకం అయిపోయేసరికి ఒక్క గుర్తూ మిగల్లేదు. అయినా గుర్తు పెట్టదగ్గవాళ్ళు ఒక్కరైనా దొరక్కపోతారా అని ఆశ పుట్టింది, మళ్ళీ మొదటి నుంచి చదివాను.

సన్న పుస్తకంలో నాకు నచ్చింది ఏమిటంటే, అందులో ఎవరూ శోకాలు పెట్టరు. ఊరు కాలిపోయింది అంటాడు, తర్వాతి మాటకి వెళ్ళిపోతాడు. మొదట్లో రాతిగుండె మనిషి రాశాడనుకున్నాను. చదవగా చదవగా తెలిసింది, అంత చావుని అలా పొట్టి మాటల్లో చెబితేనే వినగలం. మా నాన్న నడిచిన దారి గురించి రెండే వచనాలు. జపానువాళ్ళకి భయపడి జనం కొండల్లో, అడవుల్లో నడిచి వచ్చారని. చాలామంది దారిలోనే పోయారని. తర్వాత వేరే దేశం సంగతి.

ఆ రెండు వచనాలూ చాలనుకున్నాను. అచ్చులో ఉన్న మాట అక్క వింటుంది, మా నాన్న మీద కోపం తగ్గుతుంది, నేను నోరు విప్పక్కర్లేదు. ఏలూరులో కైకలూరు బస్సెక్కి, అక్కడ ఆటో పట్టుకుని కలిదిండి వెళ్ళాను. అక్క చేపల చెరువు గట్టున మంచం మీద కూర్చుని ఉంది.

"ఏమే, దారి తప్పొచ్చావా?"

"పుస్తకం తెచ్చానక్కా. బాబాయి పోయిన యుద్ధం ఇది."

"ఈ ముక్కేనా? మా మనవడి బ్యాంకు పుస్తకం దీనికంటే లావుంది."

చదివి వినిపించాను. అక్క చెరువు వైపు చూస్తూ వింది.

"మా నాన్నకి రెండే మాటలా?"

"ఆయనకి కాదక్కా, అందరికీ కలిపి."

"మీ నాన్న ఉన్నాడా అందులో?"

"లేడు."

"మా నాన్న?"

"లేడు."

"మరి ఎందుకు మోసుకొచ్చావే ఇంత దూరం?"

ఇంక తప్పించుకోవడానికి చోటు లేదు. ఆ పుస్తకం చెప్పినట్టే చెప్పాను, ఏడవకుండా, ఒక్కో మాటా. బాబాయికి జ్వరం వచ్చింది. నడవలేకపోయాడు. నాన్న నీడలో కూర్చోబెట్టి నీళ్ళకి వెళ్ళాడు. తిరిగి వెళ్ళలేదు.

అక్క నా వైపు తిరిగింది.

"నీళ్ళు దొరికాయా మీ నాన్నకి?"

"దొరికాయంట. తాగి, చెంబు నింపుకున్నాడంట. వచ్చిన దారి నిండా జనం. వాళ్ళకి ఎదురు నడవడానికి ధైర్యం చాల్లేదంట."

"చెంబులో నీళ్ళు ఉన్నాయన్నమాట."

"ఉన్నాయక్కా."

"నీకెప్పుడు చెప్పాడు?"

"ఆయన పోయేముందు. నలభై ఏళ్ళు దాటింది."

"నలభై ఏళ్ళు నువ్వు కూడా మోసుకు తిరిగావన్నమాట, ఆ చెంబు," అంది. వెళ్ళిపొమ్మంటుందనుకుని చెప్పులు వేసుకున్నాను.

"కూర్చో," అంది. "ఆ జపానోళ్ళు ఎవరే? రంగంలో వాళ్ళకేం పని?"

"అది మూడో అధ్యాయంలో ఉందక్కా. కానీ మొదటిది వినకపోతే తెలీదు."

"అయితే అక్కణ్ణుంచే చదువు. గట్టిగా చదువు, నాకు కుడి చెవి వినబడదు."

ఎడమ పక్కకి జరిగి కూర్చున్నాను.