మూడో సొరుగు నాది

ఆ మేజాబల్ల బొంబాయి నుంచి రైల్లో ముక్కలుముక్కలుగా వచ్చింది. కాళ్లు వేరే, పలకలు వేరే, సొరుగులు వేరే, గుడ్డసంచి నిండా మరలు. ఆదోనిలో చెక్కపని చేసే వడ్లవాళ్లే లేనట్టు మా ఆయన పత్రికలో బొమ్మ చూసి తెప్పించినాడు. ఎనభైల మొదట్లో మాట. ఆయన హైస్కూల్లో లెక్కల పంతులు. బిగించడానికి బుర్ర ఉంటే చాలంట, అది ఆయన దగ్గర కావలసినంత ఉందంట.

మూడు సొరుగులు. పైది ఆయనకు, నడిమిది మా అత్తకు, కిందిది నాకు. పెండ్లయి మూడేండ్లకు ఆ ఇంట్లో ఒక వస్తువును 'నీది' అనడం అదే మొదలు. ఎమ్మిగనూరు నుంచి మా అమ్మ రాసే జాబులు అప్పటిదాకా బియ్యం డబ్బాలోనో పరుపు కిందనో దాచేదాన్ని. యాడ దాచినా మా అత్తకు దొరికేవి. ఆమె చదివిందంటే పొద్దుగూకే లోపల పక్కింటికీ తెలిసేది. కాబట్టి నాకు ఆ సొరుగు కావాల. కావాలంటే కావాల.

ఆదివారం పొద్దున కూర్చుంటే మధ్యాహ్నానికి మేజా నిలబడింది. పై సొరుగు మూతి వంకర. నడిమిది సగం పోయి మొరాయించింది. నాదైతే లోపలికి పోయిందే గాని బయటికి రానంది.

"చెక్క ఉబ్బింది" అన్నాడు మా ఆయన.

నడి ఎండాకాలం! తాగే నీళ్లకే బిందెలు వరసపెట్టే ఊర్లో చెక్క తడిసి ఉబ్బిందంట! ఆడలేక మద్దెల ఓడు అంటే ఇదే గదా అనుకున్నాను. పైకి అంటే ఊరుకుంటారా?

మర్నాడు వడ్లాయన వచ్చినాడు. మేజాను చూడలేదు, కిందికి వంగి నేలను చూసినాడు. "సామీ, మేజా బాగానే ఉండాది. ఈ కాలు కింద బండ దిగిండాది. కాలు గాల్లో ఉంటే మేజా మెలి తిరుగుతాది, సొరుగు పట్టేస్తాది. ఒక బండపెచ్చు దోపితే సరి" అన్నాడు.

మా అత్త లేచి వచ్చింది. ఆమె పుట్టింటివాళ్లు మంత్రాలయం దగ్గర గుడి సేవలో ఉన్నవాళ్లు. వాస్తు ఆమె నోట్లోనే పుట్టిందని ఆమె నమ్మకం.

"అది ఈశాన్యం కాలప్పా! ఇంటికైనా మేజాకైనా ఈశాన్యం పల్లంగానే ఉండాల. మా మామగారు దగ్గరుండి వాలు చూసి పరిపించిన బండలివి. నువ్వు సొరుగులకు చిత్రిక పట్టు."

లెక్కల పంతులు కూడా తల ఊపినాడు. వడ్లాయన నా వైపు ఒకసారి చూసి, పై రెండు సొరుగుల పక్కలు చిత్రిక పట్టినాడు. బంగారంలాంటి చెక్క పొట్టుపొట్టుగా రాలింది. ఆ రెండు సొరుగులూ వదులై లోపలికీ బయటికీ సులువుగా ఆడినాయి. మూడోదానికి చెయ్యి పెట్టబోతే మా ఆయన, "ఇంక చాల్లేప్పా. దాంట్లో పెట్టేదేముంది, ఆడోళ్ల సామాను" అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

బేస్తవారం మా అత్తా మా ఆయనా ఇద్దరూ మంత్రాలయం పోయినారు. పెరట్లో ఒక పలచని బండపెచ్చు ఏరుకొచ్చి, మేజాను భుజంతో ఎత్తి, ఈశాన్యం కాలు కింద దోపినాను. ఇల్లు కూలలేదు. వేలు తగిలించి లాగితే సొరుగు వచ్చింది. నిజం చెప్తాను, ఏడుపొచ్చింది. మా అమ్మ జాబులన్నీ దాంట్లో పెట్టుకున్నాను.

"చూసినావా, మరలు కుదురుకున్నాయి" అని మా ఆయన ఇంటికొచ్చినోళ్లందరికీ లాగి చూపించినాడు. అదే నా కొంప ముంచింది. పదిహేను రోజుల్లో నా సొరుగులోకి ఆయన పరీక్ష పేపర్లు వచ్చినాయి, మా అత్త వక్కాకు సంచి వచ్చింది. ఒకనాడు ఆ సంచి కోసం సొరుగు లాగి, మా అమ్మ జాబు తీసి ఆమె గట్టిగా చదివింది. 'ఆడ కడుపునిండా తింటాండావా తల్లీ?' అని రాసింది మా అమ్మ.

"ఏమే, మేము నిన్ను పస్తులు పెడతాండామా?" అంది. నాలుగు రోజులు నాతో మాట లేదు. ఆ నాలుగు రోజులూ నాకు నిజంగానే ముద్ద దిగలేదు.

ఐదోనాడు ఆమె గుడికి పోయినప్పుడు వాళ్ల సామాను తీసి బయట పెట్టి, సొరుగు మూసి, కాలు కింద పెచ్చు లాగేసినాను. చిత్రిక పట్టించుకున్న పై రెండూ ఎప్పటిలాగే ఆడినాయి. నాది బిర్రుగా పట్టేసింది. మా ఆయన కాలు తన్నిపెట్టి లాగినాడు, కొవ్వొత్తి రుద్దినాడు, చెమట తుడుచుకొని, "ఇది ఇంక పనికిరాదు, దీని జోలికి పోవద్దండి" అని తీర్పు చెప్పినాడు.

"సరేనండీ" అన్నాను.

ఎమ్మిగనూరు జాబు వచ్చిన రోజు, ఇంట్లో ఎవరూ లేకుండా చూసి పెచ్చు దోపేదాన్ని, సొరుగు తీసేదాన్ని, మళ్లీ మూసి పెచ్చు లాగేసేదాన్ని. మా అత్త నడుముకు ఇంటి తాళాల గుత్తి ఉండేది. నా కొంగు ముడిలో ఆ బండపెచ్చు ఉండేది.