చురుకైన రొయ్యపిల్లలు

మండవల్లి అవతల మా నాన్న మొదటిసారి రొయ్యల చెరువు వేసింది నా చిన్నప్పుడు, నేను ఏడో తరగతిలో ఉండగా. చేపలు మాని టైగర్ రొయ్యకు మారిన ఇళ్లన్నీ అప్పట్లో తెల్లమచ్చ పేరు చెబితే వణికేవి. ఆ వైరస్ తగిలితే వారంలో చెరువు ఖాళీ. అందుకని చెరువులో వదిలే రొయ్యపిల్లల్ని కొనేముందు ల్యాబులో పరీక్ష చేయించేవారు.

పక్కింటి అక్క ఏలూరులో అలాంటి ల్యాబులోనే పనిచేసేది. ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి మెట్ల మీద కూర్చుని నాకు ఆ పరీక్ష సంగతి చెప్పేది. ఎక్కడో వేడినీటి బుగ్గల్లో, చెయ్యి పెడితే బొబ్బలెక్కే నీళ్లలో, కంటికి కనిపించని జీవులు హాయిగా బతుకుతాయట. మామూలు జీవుల ఎంజైములు ఆ వేడికి గుడ్డు ఉడికినట్టు గట్టిపడి పాడైపోతాయి. వీటివి చెడవు. అలాంటి ఎంజైము ఒకటి కలిపి మిషన్‌లో మాటిమాటికీ వేడిచేసి చల్లారుస్తుంటే, రొయ్యపిల్లలో వైరస్ ఆనవాలు ఇసుమంత ఉన్నా దానికి లక్షల నకళ్లు తీసి చూపిస్తుంది. భద్రాచలం దగ్గర గోదావరి ఇసుకలోనూ వేడినీళ్లు ఊరతాయని లైబ్రరీలో చదివి నేను చెబితే, "అబ్బో, మేడమ్ గారు నాకంటే ముందున్నారే" అని నవ్వింది. ఆ మాటకు వారం రోజులు నా కాళ్లు నేల మీద ఆనలేదు.

నాన్నతో నేనూ రొయ్యపిల్లల్ని పొదిగించి అమ్మే హేచరీకి వెళ్తున్నానని తెలిసి, పరీక్షకు కొన్నిటిని వేసి తెమ్మని స్పిరిట్ పోసిన సీసా అక్క నా చేతికే ఇచ్చింది. తొట్టెలో నీళ్లు గుండ్రంగా తిప్పితే నీరసంగా ఉన్నవి మధ్యకు చేరతాయి, వాటినే తియ్యమంది. జబ్బుంటే ముందు బయటపడేది వాటిలోనే.

నాన్న హేచరీ వాళ్లతో మాట్లాడుతుండగా నీళ్లు తిప్పాను. కొన్ని సోలిపోయి మధ్యలో పోగయ్యాయి. మిగతావి అంచుల్లో ఎదురీదుతున్నాయి. మాది ఆసుపత్రికి వెళ్లేటప్పుడు కూడా ఉతికిన బట్టలు కట్టుకుని, ఏమీ లేనట్టు కనబడాలనుకునే ఇల్లు. మా చెరువులోకి వచ్చే పిల్లల్ని అక్క ముందు అంత వాడిపోయినట్టు పెట్టడానికి నాకు మనసొప్పలేదు. చురుకైనవాటినే ఏరి సీసాలో వేశాను.

జబ్బు లేదని రిపోర్టు వచ్చింది. పిల్లల్ని వదిలాం. రెండో నెలలో ఒక ఉదయం రొయ్యలు గట్టు వారకు వచ్చి కదలకుండా ఉండిపోయాయి. పెంకుల మీద తెల్లటి మచ్చలు. నాన్న మోకాలి లోతు నీళ్లలో నిలబడి చచ్చినవాటిని బుట్టలోకి ఎత్తుతున్నారు. బుట్ట నిండి పొర్లిపోతున్నా ఎత్తుతూనే ఉన్నారు.

సాయంత్రం అక్క బస్సు దిగగానే ఎదురెళ్లి చేసిందంతా చెప్పాను. తను నా చెయ్యి పట్టుకుని ఇంటివైపు నడిచింది. ఇల్లు చేరేసరికి నాన్న అక్కావాళ్ల వాకిట్లో ఉన్నారు. ఎప్పుడూ గొంతెత్తని మనిషి.

"మీ మిషన్ మమ్మల్ని చల్లగా చూసిందమ్మా" అన్నారు.

వీధిలో అందరూ వింటున్నారు. అక్క సంచీ కింద పెట్టింది.

"పొరపాటు నాదేనండీ బాబాయ్ గారూ. శాంపిల్ నేనే వచ్చి తీయాల్సింది."

నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. నేను నాన్న వెనకే నిలబడి ఉన్నాను.

ఆ తర్వాత మా ఊరివాళ్లెవరూ ఆమె చేతికి సీసా ఇవ్వలేదు. ఏడాది తిరక్కుండా ఉద్యోగం మానేసి తాడేపల్లిగూడెంలో వాళ్ల పిన్ని ఇంటికి వెళ్లిపోయింది. వెళ్లేరోజు నన్ను పిలిచి, ఎంజైము మనం ఇచ్చినదానికే నకలు తీస్తుందని, మనం దాచింది దానికి కనబడదని చెప్పింది. బాగా చదువుకోమంది.

కాలేజీ చదువు అబ్బకపోయినా, ఆ సూక్ష్మజీవుల గురించి ఏలూరు లైబ్రరీలో దొరికినదల్లా చదివాను. ఎవరడిగినా గడగడా చెప్పగలను. నాన్న మాత్రం చివరిదాకా, "ఆ అమ్మాయిని నమ్మి మునిగాం" అంటూనే ఉండేవారు. అన్నప్పుడల్లా ఆయన పళ్లెంలో ఇంకో ముద్ద వడ్డించి ఊరుకునేదాన్ని. నిరుడు ఆయన పోయారు. అక్కకు ఫోన్ చేస్తే మా పిల్లల చదువులు అడుగుతుంది గానీ చెరువు మాట ఎత్తనివ్వదు. తను ఎప్పుడో క్షమించింది. నాన్నకు చెప్పాల్సిన ఆ ఒక్క వాక్యం మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.