మార్చకుండా వదిలేసిన పేజీ

మా పుత్తూరులో నన్ను ‘లెక్కల పాప’ అంటారు. ఆ మాట వింటే ఇప్పటికీ తల యాడ పెట్టుకోవాల్నో తెలీదు. లెక్కలు రాక కాదు. లెక్కలు వచ్చి కూడా ఆ పని చేసినాను, అదీ నా సిగ్గు.

తిరుపతిలో నేను చదివిన ఎమ్మెస్సీ మ్యాథ్స్ అంటే నాలుగు సెమిస్టర్లు. ప్రతి పేపరూ పాస్ కావాల, ఇంటర్నల్స్ రాయాల, సెమినార్ ఇయ్యాల. అవన్నీ నేను సొంతంగానే చేసినాను. టోపాలజీ అంటే మా క్లాసులో సగం మందికి జ్వరం వచ్చేది, నాకు రాలేదు. మిగిలింది ఆఖరి సెమిస్టర్లో ప్రాజెక్టు. ఒక అంశం తీసుకొని చదివి, పుస్తకంగా రాసి, బైండు చేయించి, వేరే ఊరి నుంచి వచ్చే ఎగ్జామినర్ ముందర కూర్చొని వైవా చెప్పాల. అది పోతే పట్టా లేదు, అంతే.

రెండు నెలలు టైమిచ్చినారు. నేను ఆ రెండు నెలలూ టీచరు ఉద్యోగం కోచింగని తిరుపతిలో ఇంకో హాల్లో కూర్చున్నాను. గడువు మూడు రోజులుందనంగా, చిత్తూరులో చదివిన తెలిసినక్క ఒకామె తన ప్రాజెక్టు ఫైలు వాట్సాప్‌లో పంపింది. అంశం కూడా ఒకటే. “పేర్లు మార్చుకోవే, ఎవురు సదవతారు అదంతా!” అనింది. ఆమె పేరు యాడాడ ఉండాదో ఫైల్లో వెతికి, అన్నిచోట్లా నా పేరు పెట్టినాను. ‘ఇది నా సొంత కృషి’ అని ఉన్న పేజీ కింద సంతకం కూడా పెట్టినాను. చెయ్యన్నా వణకలేదు, దొంగముండకి.

వైవా రోజు నాయన నాతో వస్తానని కూర్చున్నాడు. ఆయన మరమగ్గం షెడ్డులో పంచెలు నేస్తాడు. ముప్పై ఏండ్లుగా ఆ మోతలో ఉండి చెవులు సగం పోయినాయి. “ఎండలో ఎందుకు నాయనా?” అంటే, “నువ్వు సదివే సోటు ఒకసారన్నా సూడొద్దా? ఈపొద్దుతో అయిపోతాది గదా” అన్నాడు. ఎగ్జామినర్ సార్‌కి ఇయ్యాలని తన మగ్గంలోదే పంచె ఒకటి ఇస్త్రీ చేయించి కవర్లో పెట్టుకున్నాడు. బస్సులో తిరుపతి దాకా దాన్ని ఒళ్ళో నుంచి దించలేదు.

నాయన వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. నేను లోపలికి పోయినాను. ఎగ్జామినర్ పెద్దాయన, మెత్తగా మాట్లాడతాడు. పది ప్రశ్నలు అడిగినాడు, పదీ చెప్పినాను. బోర్డు మీద ఒక సిద్ధాంతం నిరూపించమంటే చూడకుండా రాసినాను. పక్కన కూర్చున్న మా ప్రాజెక్టు గైడు మేడం మొహం వెలిగిపోయింది. అంటే ఆ ప్రాజెక్టు నేనే రాసుకోగలిగేదాన్ని. ఆ సంగతి బోర్డు దగ్గర నిలబడినప్పుడే నాకు తెలిసొచ్చింది.

అప్పుడు ఆయన పుస్తకం మొదట్లోకి తిప్పి, “నువ్వు ఫస్టియర్లో ఉన్నప్పుడే నాన్నగారు పోయారా తల్లీ?” అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఆయన పుస్తకం నా వైపు తిప్పినాడు. కృతజ్ఞతల పేజీ. ఆ అక్క, చదువు మధ్యలో చనిపోయిన వాళ్ళ నాయన గురించి రాసుకుంది. తన ఫీజు కోసం ఆయన పడిన కష్టం, పట్టా చూడకుండానే పోవడం, అంతా. అందులో ఎవురి పేరూ లేదు. పేర్లు వెతికి మార్చిన నా కంటికి అది పడనేలేదు.

 లేదు సార్, మా నాయన బయటే ఉన్నాడు అంటే, మరి ఇది ఎవురు రాసినారు అంటాడు. అయిపోతాది. రెండేండ్ల చదువు పోతాది.

“అవును సార్” అన్నాను.

“మా నాన్న కూడా పోయినేడే పోయారు. ఈ పేజీ చదివి కాసేపు ఏమీ చదవలేకపోయాను తల్లీ” అని కండ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన కోపిష్టి అయ్యుంటే బాగుండేది. పుస్తకం మొహాన కొట్టుంటే బాగుండేది.

నన్ను సాగనంపడానికి వరండాలోకి వచ్చినాడు. నాయన గబుక్కున లేచి, రెండు చేతులతో పంచె ముందరికి చాపినాడు. “మా మగ్గంలోదే సార్.”

“ఈయనెవరమ్మా?”

“మా చిన్నాయన సార్.”

నా నోరు పడిపోను! ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట. పెద్దాయన నాయన భుజం మీద చెయ్యి వేసి, “అన్న లేని లోటు తెలీకుండా చూస్తున్నారు, చాలా గొప్పండీ” అని గట్టిగానే అన్నాడు. నాయన నా వైపు ఒకసారి చూసినాడు. “ఏదో సార్, మా పాపే గదా” అన్నాడు.

తిరుగు బస్సులో నాయన ఒకే మాట అడిగినాడు, మార్కులు బాగా ఏస్తారా అని. ఏస్తారన్నాను. ఆయనకు సరిగా వినపడి ఉండదులే అని నాకు నేను చెప్పుకున్నాను. కొన్ని నెలలు ఆ చెవుడును పట్టుకొనే బతికినాను.

ప్రొవిజనల్ సర్టిఫికెట్ వచ్చిందంటే మళ్ళా ఇద్దరమూ తిరుపతి పోయినాము. ఈసారి ఎవురడిగినా మా నాయన అని గట్టిగా చెప్పాలని దారి పొడుగునా అనుకుంటా పోయినాను. కౌంటరు దగ్గర గుమాస్తా తలెత్తి, “ఎవురమ్మా ఈయన?” అన్నాడు. నేను నోరు తెరిచేలోపల నాయనే ముందుకొచ్చినాడు.

“సిన్నాయన్ని సార్. వాళ్ళ నాయన లేడు.”

 కాదని ఒక్క మాట అనుంటే అయిపోయేది. గుమాస్తా రిజిస్టరు తోసినాడు. దిష్టిబొమ్మ మాదిరి నిలబడి సంతకం పెట్టి, కాగితం తీసుకున్నాను.

గేటు బయట నాయన ఆ కాగితాన్ని అడిగి తీసుకున్నాడు. ఇంగ్లీషు రాదు, అయినా పై నుంచి కింద దాకా వేలుతో తడిమినాడు. మడత పడకుండా నాకు తిరిగి ఇచ్చి, ఇటూ అటూ చూసి, గొంతు తగ్గించి అడిగినాడు.

“ఇంగ దీన్ని ఎవురూ ఎనక్కి తీసుకోరు గదా?”

“తీసుకోరు నాయనా.”

“అయితే ఇంగ నేను మీ నాయన్నని సెప్పుకోవచ్చామ్మా?”