మూడో నంబరు బొమ్మ

నేను చేసిన తప్పుల్లో అన్నిటికన్నా పెద్దది ఒకే ఒక్క లైను కోడ్‌లో ఉంది. వినేవాళ్లకు నవ్వు రావచ్చు. నాకు మాత్రం ఈ రోజుకీ రాదు.

అప్పుడు నేను కరీంనగర్‌లో అద్దె గదిలో ఉండి పరిశోధన చేసుకుంటున్నాను. మూర్ఛ జబ్బుకు మందులు వాడేవాళ్ల మెదడు స్కాన్‌లు తీసుకుని, ఏ భాగం ఏ భాగంతో కలిసి పనిచేస్తోందో చుక్కలూ గీతలుగా బొమ్మ గీయడం నా పని. చుక్క అంటే మెదడులో ఒక భాగం. గీత అంటే రెండు భాగాల మధ్య పొత్తు. మొత్తం ఇరవైనాలుగు మంది. సగం మంది రోగులు, సగం మంది పోల్చి చూడటానికి పిలిచిన ఆరోగ్యవంతులు. పేర్లు ఉండవు, నంబర్లే. కానీ మూడో నంబరు ఎవరో నాకు తెలుసు. మా చిన్నమ్మ. చొప్పదండి నుంచి హైదరాబాద్ దాకా స్కాన్‌కు వెంటబెట్టుకుని పోయింది నేనే.

మా గైడ్ సారు ఒకటికి రెండుసార్లు చెప్పారు. ఈ బొమ్మలు వైద్యానికి పనికొచ్చేవి కావు, ఎవరికీ చూపించొద్దు, వీటిని చూసి ఎవరికీ ఏమీ చెప్పొద్దు అని. సరే సార్ అన్నాను. అనడానికేముంది!

ఇరవైనాలుగు బొమ్మలు ఒక్కొక్కటిగా గీస్తూ కూర్చోలేక, ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో, ఒకే పనిని వరసగా చేసుకుంటూ పోయే లూప్ ఒకటి రాశాను. ఫైలు తెరువు, బొమ్మ గీయి, పైన నంబరు వెయ్యి, ఫైలు మూసెయ్యి, తర్వాతి దానికి పో. మొదటిసారి మూసే లైను మరిచిపోయాను. ఫోల్డర్ నిండా ఒక్కటీ తెరుచుకోని ఫైళ్లు! నన్ను నేను తిట్టుకుంటూ ఆ లైను చేర్చి మళ్లీ నడిపితే, బుధవారం మధ్యాహ్నానికి ఇరవైనాలుగూ వరసగా వచ్చాయి.

అందరికన్నా ముందు మూడో నంబరు తెరిచాను. రెండు పక్కలా గీతలు దట్టంగా, నిండుగా ఉన్నాయి. పోయినేడు తీసిన స్కాన్‌లో ఎడమ పక్క గీతలు పల్చగా ఉండేవి. కొత్త మందులు మొదలుపెట్టిన ఏడాదికే ఇంత బాగైందా అని కళ్లలో నీళ్లు తిరిగాయి. సారు మాట గుర్తు రాలేదని అబద్ధం చెప్పను. గుర్తొచ్చింది, పక్కన పెట్టాను. బస్టాండు దగ్గర జిరాక్స్ షాపులో కలర్ ప్రింటు తీయించి, లామినేషన్ కూడా చేయించి, సాయంత్రానికల్లా చొప్పదండిలో దిగాను. చిన్నమ్మ దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చాలాసేపు చూసింది. బాగున్నోళ్ల తలకాయ గిట్లనే ఉంటదా అని అడిగింది. అచ్చం ఇట్లనే ఉంటది అన్నాను. నా నోరు పడిపోను.

ఆదివారం పొద్దున, సారుకు పంపేముందు ఎందుకైనా మంచిదని, ప్రతి బొమ్మ కిందా అది ఏ ఫైలు నుంచి వచ్చిందో ఆ పేరు కూడా పడేటట్టు చేశాను. మళ్లీ మూడో బొమ్మ తెరిచాను. పైన మూడు అని ఉంది. కింద పదకొండు అని ఉంది.

కంప్యూటర్ ఫైళ్ల పేర్లను అంకెల్లా కాదు, అక్షరాల్లా పేరుస్తుంది. ఒకటి తర్వాత రెండు రాదు. పది వస్తుంది, ఆ తర్వాత పదకొండు వస్తుంది. మూడో వరసలో కూర్చున్నది పదకొండో మనిషి. నేనేమో వరస సంఖ్యనే మనిషి నంబరు అనుకుని పైన వేసేశాను. ఆ పదకొండో మనిషి ఏ జబ్బూ లేనివాళ్లలో ఒకరు. చిన్నమ్మ అసలు బొమ్మ వెతికి తెరిచాను. ఎడమ పక్క గీతలు అక్కడొకటి, ఇక్కడొకటి. పోయినేడు ఎట్లా ఉందో ఇప్పుడూ అంతే.

వెంటనే ఫోన్ చేశాను. చిన్నమ్మ కోడలు ఎత్తింది.

"అత్తమ్మ చర్చికి పోయింది వదినె. ఫోన్ ఇంట్లనే ఉన్నది. ఇయ్యాల సాక్ష్యం చెప్తదట. నువ్వు బొమ్మ సూపెట్టినప్పటి సంది గోలీలు ఏస్కుంటలేదు."

మా చర్చి సంఘంలో దేవుడు చేసిన మేలును ఆదివారం అందరి ముందూ నిలబడి చెప్పాలి. స్వస్థత దొరికిందని ఒకసారి నోటితో చెప్పిన మనిషి మళ్లీ ఆ జబ్బుకు గోలీ మింగితే, నమ్మకం లేనట్టే లెక్క. చిన్నమ్మ సంగతి నాకు తెలుసు. ఆ మాట అన్నదంటే ఇక చచ్చినా మందు ముట్టదు. గోలీలు ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ ఆగకుండా వచ్చి ప్రాణం మీదికి తెస్తాయని పుస్తకాల్లో చదివింది కూడా నేనే కదా!

గోలీల పట్టీ, నీళ్ల సీసా పట్టుకుని చర్చి గేటు దగ్గర నిలబడమని కోడలికి చెప్పి, చొప్పదండి పోయే షేర్ ఆటో ఎక్కాను. ఆదివారం కదా, సీట్లు నిండితే గానీ కదలనన్నాడు ఆటో అతను. ఖాళీ సీట్ల పైసలు కూడా నేనే ఇస్త, జర పోనియ్యన్నా అని బతిమాలాను. దారి పొడుగునా వాచీ చూసుకున్నాను. పాటలు అయిపోయి ఉంటాయి. పాస్టరుగారు వాక్యం చెప్పడం అయిపోయి ఉంటుంది.

నేను చెప్పులు విడిచి లోపలికి పోయేసరికి పాస్టరుగారు సాక్ష్యం చెప్పేవాళ్లను పిలుస్తున్నారు. ఆడవాళ్ల చాపల మధ్యలో చిన్నమ్మ మోకాలి మీద చెయ్యి పెట్టి లేవబోతోంది. చేతిలో ఆ బొమ్మ. వరస మధ్యలోంచి ఒకరి కాళ్లు తొక్కుతూ, ఇంకొకరి చేత తిట్లు తింటూ పోయి ఆమె కొంగు పట్టుకున్నాను.

"చిన్నమ్మా, గా బొమ్మ నీది కాదు. వేరేటోళ్లది. నేనే తప్పు చేసిన."

ఆమె నా మొహంలోకి చూసింది. పాస్టరుగారు ఎదురుచూస్తున్నారు. చర్చి మొత్తం మా వైపే చూస్తోంది.

"మరి నాదెట్లున్నది?"

"పోయినేడు లెక్కనే ఉన్నది."

చిన్నమ్మ కొంగు విడిపించుకుని లేచి నిలబడింది. నా మాట నమ్మక చెప్పేస్తుందేమో, పంతానికి పోతుందేమో. ఆమె బొమ్మను కొంగు చాటుకు తీసుకుని, అయ్యగారూ, ఇయ్యాల నేను చెప్పేదేం లేదు అని కూర్చుంది.

ఆరాధన అయ్యాక గేటు దగ్గర కోడలు గోలీ ఇచ్చింది. నేను ఏడుస్తూనే ఉన్నాను. క్షమించు చిన్నమ్మా అని ఎన్నిసార్లు అన్నానో లెక్క లేదు. ఒక్క మాట తిట్టినా బాగుండు. గోలీని అరచేతిలో పెట్టుకుని, దాన్నే చూస్తూ నిలబడింది.

"పన్నెండేండ్ల సంది పొయ్యి కాడ నా ఎనుక ఎవ్వలో ఒకలు నిలవడుతరు, యాడ మంటల పడ్తనో అని. గీ నాలుగు దినాలు ఎవ్వలు నిలవడలే. ఒక్కదాన్నే అండుకున్న. మస్తు మంచిగుండె బిడ్డా."

గోలీ నోట్లో వేసుకుని నీళ్లు తాగింది. ఖాళీ సీసా కోడలి చేతికిచ్చి, పొయ్యి మీద పప్పు ఉడకాలె, నా ఎనుక నిలవడుదువు గని నడువు అంది.