వేడి కిచిడి

తొంభైల్లో లాల్‌దర్వాజాలో మేం అద్దెకున్న ఇంటావిడ, కిచిడి దించగానే మొదటి కంచం తనకే పెట్టుకునేది. పైన నెయ్యి, పక్కన పచ్చిపులుసు. ఇంట్లోవాళ్ళంతా ఆ తర్వాతే.

ఒకరోజు అమ్మా నేనూ అక్కడుండగానే ఆవిడ బావగారు వచ్చి, "మొగోళ్లు తినకముందే తింటున్నవేంది?" అని కసిరాడు.

ఆవిడ చెయ్యి ఆగలేదు. "ఇన్నేండ్లు అందరు తిన్నంక అడుగున గడ్డకట్టింది తిన్న బావా. పొయ్యి కాడ చెమట నాది. వేడి కిచిడి గూడ నాదే. గిన్నె ఆడుంది, పెట్టుకోండ్రి" అంది.

ఆవిడ పచ్చిపులుసు జుర్రుకుంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర నాన్న నెయ్యి అడిగారు. ఎప్పుడూ అందరి తర్వాత తినే అమ్మ, తన కంచం ముందునుంచి లేవకుండానే గిన్నె అటు జరిపింది.